బదరీ చెట్టు కింద రొట్టె

శ్రమల దినాలూ మిర్చి కోతలూ మన పల్లెల్లో కలిసే వస్తాయి. పగలంతా కల్లంలో తాలుకాయలు ఏరినవాళ్లే సాయంత్రం కూడికకు వచ్చి పాట అందుకుంటారు. ఆ కూడికల్లో ఈమధ్య పాతుకుపోయిన ఒక అలవాటు గురించి ఈ వారం రాయక తప్పడం లేదు.

సాక్ష్యం చెప్పమంటే గెలుపు కథలే వినిపిస్తున్నాయి. అప్పు తీరినవాళ్లు లేస్తారు, జబ్బు నయమైనవాళ్లు లేస్తారు. కౌలు కట్టలేక, పురుగుమందుల కొట్లో బాకీ తలచుకుని రాత్రంతా రెప్ప వేయని మనిషి మాత్రం వెనకాల చాప మీదే ఉండిపోతాడు. ఎప్పుడైనా ధైర్యం చేసి బాధ చెప్పుకుంటే, ‘విశ్వాసం తగ్గిందేమో చూసుకో తమ్ముడూ’ అంటారు. ఆ మాట అనే అధికారం మనకెవరిచ్చారు?

2021-22లో నల్ల తామరపురుగు గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప పూతలోకి దిగినప్పుడు అది విశ్వాసి చేనా, అవిశ్వాసి చేనా అని చూడలేదు. మందు మీద మందు కొట్టారు. అప్పు పెరిగింది గానీ పురుగు తగ్గలేదు. కడుపు మండి చేను పీకేసినవాళ్లున్నారు. అలా నష్టపోయిన ఇంట్లో ఏ పాపం దాగుందోనని ఆరా తీయడమంటే, పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులు వేసిన ప్రశ్నను మళ్లీ వేయడమే. ప్రభువు ఆనాడే ఆ లెక్క కొట్టేశాడు. యోబు స్నేహితులనే చూడండి. ఏడు రోజులు నేల మీద మౌనంగా కూర్చున్నంతసేపూ వాళ్లు మంచి స్నేహితులే. నోరు తెరిచాకే చెడ్డారు.

ఏలీయా సంగతి మరీ గొప్పది. కర్మెలు కొండ మీద అగ్ని దిగిరావడం కళ్లారా చూసినవాడు, యెజెబెలు బెదిరింపు వినగానే అరణ్యంలోకి పారిపోయి, బదరీ చెట్టు కింద కూలబడి చావు కోరుకున్నాడు. అంతటి ప్రవక్త! దేవుడు కోప్పడలేదు. పడుకోనిచ్చాడు. దూత లేపి రొట్టే నీళ్లూ ఇచ్చాడు. తిని మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి పెట్టాడు. ముందున్న ప్రయాణం అతని శక్తికి మించినదని దూతే అన్నాడు. ఇక్కడేం చేస్తున్నావన్న ప్రశ్న హోరేబు చేరాక గానీ రాలేదు. మనం ముందు ప్రశ్నిస్తున్నాం. రొట్టె సంగతి చాలాసార్లు మరిచేపోతున్నాం.

ఈ నేల మీదే ఆ వరుస తెలిసినవాళ్లుండేవారు. 1876-78 కరువులో ఆకలికీ కలరాకూ జనం రాలిపోతుంటే, ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. మన తెలుగు బోధకులే అక్కడ మేస్త్రీలయ్యారు. బాప్తిస్మం ఇమ్మని వచ్చినవాళ్లను మాత్రం ఆయన నెలల తరబడి ఆపారు, తిండి కోసం ఎవరూ దేవుణ్ని ఒప్పుకోకూడదని. ఆ తర్వాతే, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకెను ప్రతి జూబిలీ సభలోనూ చెప్పుకుంటాం. దానికి ముందు మోసిన మట్టి తట్టల గురించి మాట్లాడేవారేరి?

గుంటూరులో లూథరన్ డాక్టరమ్మ అన్నా కుగ్లర్ 1883లో వచ్చి, 1898లో ఆసుపత్రి తెరిచారు. ప్రార్థించిన చేతులే మందూ ఇచ్చాయి. అలాంటి చరిత్ర ఉన్న ఊళ్లలో, నిద్రపట్టక, గుండెదడతో డాక్టరు దగ్గరికి వెళ్లిన సోదరిని తక్కువగా చూడటం నాకు మింగుడుపడదు. ఆమె మాత్ర వేసుకుంది, అంతే. దేవుణ్ని విడిచిపెట్టలేదు.

చింతపడవద్దని పౌలు ఫిలిప్పీయులకు రాశాడు కదా అంటారు. రాశాడు, బంధకాల్లో ఉండి. అదే అధ్యాయంలో, తన శ్రమలో పాలుపంచుకుని ఎపఫ్రొదితు చేత సాయం పంపినందుకు వాళ్లను మెచ్చుకున్నాడు. మొదటి మాట పిల్లలకు కంఠస్థం చేయించాం. రెండోది ఎవరికీ నేర్పలేదు.

మంచి శుక్రవారానికి ఏడు మాటలు పంచుకునే వేళయింది. నాలుగో మాట ఎవరికి వచ్చినా ఒక మనవి. తండ్రి తనను ఎందుకు విడిచాడని కుమారుడే అడిగిన మాట అది. 22వ కీర్తన మొదలయ్యేదీ ఆ మొరతోనే. దాన్ని రెండు నిమిషాల్లో ముగించి ఆదివారపు విజయంలోకి దూకకండి. యార్డులో ధర గిట్టక సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టి వచ్చిన అన్న ఆ మధ్యాహ్నం మీ ఎదుటే కూర్చుని ఉంటాడు. ఆయన మొర పెట్టుకునేందుకు కాస్త సమయం ఇవ్వండి. మర్నాడు సంఘపెద్దలు ఇద్దరు వాళ్లింటికి వెళ్లాలి. బైబిలు తెరవకముందే, కౌలు ఇంకా ఎంత కట్టాలో, ఇంట్లో బియ్యం ఎన్నాళ్లకు వస్తాయో అడగాలి.