వాదము అను మాట



హైదరాబాదులోని మాదాపూరునందు 1998లో సైబర్ టవర్సు ప్రారంభమైనది. నాటినుండి మన పల్లెల బిడ్డలు కొందరు ఆ హైటెక్ సిటీలో కంప్యూటరు పనికి వెళ్లుచున్నారు. వారి పనిలో 'ఆర్గ్యుమెంటు' అనగా జగడము కాదు. ప్రోగ్రాములో ఒక ఫంక్షను పనిచేయుటకై దానికి అందించు విలువ. పిండిమరలో గింజలు పోసినట్టే. పోసినదేదో ఆ పిండియే వచ్చును. ఈ మాటకు మూలమైన లాటిను క్రియకు తేటపరచుట అని అర్థము. వెలుగును, తెలుపును సూచించు ధాతువు దాని వెనుక నున్నది. మన 'రజతము' కూడ ఆ కుటుంబములోనిదే.

మన 'వాదము' సంస్కృతములోని 'వద్' ధాతువునుండి పుట్టినది. పలుకుట అని దాని అర్థము. సంవాదము, అనువాదము, అపవాదము దాని తోబుట్టువులు. గౌతముని న్యాయసూత్రములు చర్చను మూడు విధములుగా విభజించినవి. సత్యము తెలిసికొనుటకు చేయునది వాదము. గెలుపుకొరకే చేయునది జల్పము. తన పక్షమేదియు నిలుపక ఎదుటివాని మాటను పడగొట్టుటయే వితండ. ఈ మూడవది మన సంఘపు కమిటీలలో చక్కగా వర్ధిల్లుచున్నది! దానికి భయపడి మొదటిదానిని కూడ మనము నోరెత్తనీయము.

క్రిస్మసుకు వచ్చిన యౌవనుడు, "అయ్యగారూ, పసిబిడ్డ రోగముతో ఏల చనిపోవలెనని తోటి పనివారు అడిగిరి, ఏమి చెప్పను?" అనును. "దేవునితో వాదము పెట్టుకొనకుము" అని పెద్దలు కసరుదురు. అతడు ఊరకుండును. మరుసటి పండుగకు గుడికి రాడు.

పౌలు థెస్సలొనీకలో మూడు విశ్రాంతిదినములు లేఖనములు విప్పి తర్కించెను. లూకా అక్కడ వాడిన గ్రీకు క్రియనుండియే 'డైలాగు' అను మాట కలిగినది. కనుక పండుగ మరునాటి సాయంకాలము ఒక గంట ఆ పిల్లల ప్రశ్నలకే విడిచిపెట్టుడని పెద్దలకు మనవి. తెలియనిదానిని తెలియదనుడి.

యోబు దేవునితోనే వాదింపగోరెను. ఎలీఫజు, బిల్దదు, జోఫరు దేవుని పక్షమున మాటలాడుచున్నామనుకొని అతని నోరు మూయజూచిరి. 42వ అధ్యాయము తెరచి, దేవుని కోపము ఎవరిమీద మండెనో చదువుడి. బలి అర్పింపవలసినవారు ఆ ముగ్గురు. వారికొరకు ప్రార్థించుటకు నియమింపబడినవాడు, వాదించిన యోబే.