పెరటి చెట్టు, ఎర్రచారల సింహాలు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనవాళ్ల మాట. స్పెయిన్ ఉత్తరపు అంచున, నెర్వియోన్ ఏటి ఒడ్డున ఉన్న బిల్బావోలో ఈ సామెత చెల్లదు. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు అథ్లెటిక్ క్లబ్ నూరేళ్లకు పైగా పెరటి ఆకే నూరుకుని తాగుతోంది. తాగి, ఢిల్లీకి రాజుల్లాంటి జట్లతో తలపడుతోంది.

ఆ క్లబ్బు చొక్కా తొడగాలంటే ఆ ఊరున్న బాస్క్ సీమలో పుట్టాలి, లేదా ఆ సీమలోనే ఆట నేర్చుకుని ఉండాలి. ఆ సీమంతా కలిపినా జనం ముప్ఫై లక్షలు. తక్కిన క్లబ్బులు బ్రెజిల్ నుంచో ఆఫ్రికా నుంచో వజ్రాలను కొని తెచ్చుకుంటుంటే, వీళ్లు తమ వాగుల్లో దొరికిన రాళ్లనే సానబడుతూ కూర్చున్నారు. 1971 నుంచి ఆ సానరాయి లెజామా అనే పల్లెలో ఉంది. 1929లో స్పెయిన్ లీగ్ మొదలైన నాటి నుంచి నేటి దాకా పై శ్రేణి నుంచి ఒక్కసారి కూడా జారిపోని క్లబ్బులు మూడే. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా, మూడోది ఇది. ఎనిమిది లీగ్ కిరీటాలు కూడా ఉన్నాయి. లెక్కలకు లొంగని లెక్క ఇది.

అసలు ఆట మాత్రం పరాయిదే. బిల్బావో కొండల్లో ఇనుప ఖనిజం, దానికోసం వచ్చే ఇంగ్లీషు ఓడలు, ఆ ఓడలతో పాటు వచ్చిన తోలు బంతి. ఇంగ్లండులో చదువుకుని వచ్చిన కుర్రాళ్లూ తోడయ్యారు. 1898ని క్లబ్బు తన పుట్టిన ఏడాదిగా చెప్పుకుంటుంది. పేరు ఇంగ్లీషుదే. నియంత ఫ్రాంకో కాలంలో పరాయి మాట కూడదని దాన్ని అట్లెటికోగా మార్పించారు. 1972లో పాత పేరు మళ్లీ ఇంటికొచ్చింది. ఎర్ర తెల్ల చారలు కూడా ఇంగ్లండులో కొనుక్కొచ్చిన సరుకే. ఆటగాడు ఊరివాడే కావాలి గాని గురువు ఎవరైనా ఫరవాలేదు. ఫ్రెడ్ పెంట్లాండ్ అనే ఇంగ్లీషు దొర గుండ్రటి టోపీతో వచ్చి శిక్షణ ఇచ్చాడు. పెద్ద గెలుపు వచ్చిందంటే కుర్రాళ్లు ఆ టోపీని లాక్కుని తొక్కి పచ్చడి చేసేవారట. 1931లో బార్సిలోనాను 12-1తో ఓడించిన రోజు ఆ టోపీ గతి ఏమై ఉంటుందో!

మైదానం పేరు సాన్ మామెస్. ఆ పేరుగల మునిని రోమన్లు సింహాల ముందుకు తోస్తే అవి ముట్టుకోలేదని కథ. అందుకే ఈ ఆటగాళ్లు సింహాలు, మైదానం గుడి. 1913లో ఆ గుడిలో మొదటి గోల్ కొట్టినవాడు పిచిచి. తలకు తెల్లగుడ్డ చుట్టుకుని ఆడే బక్కపలచని మనిషి. 1922లో, ఇరవై తొమ్మిదేళ్లకే, విషజ్వరం ఎత్తుకుపోయింది. స్పెయిన్‌లో ఏటా ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే బహుమతి ఇప్పుడు ఆయన పేరిటే. నన్ను కట్టిపడేసేది మాత్రం ఆయన విగ్రహం. సాన్ మామెస్‌లో మొదటిసారి ఆడటానికి వచ్చిన ప్రతి జట్టు నాయకుడూ దాని ముందు పూలగుత్తి ఉంచాలి. ఎంత గొప్ప జట్టయినా సరే. కాసేపట్లో ఓడించడానికి వచ్చినవాడే ముందుగా ఆ ఇంటి పెద్దకు పూలు పెడతాడు. 2013లో పాత మైదానం పోయి పక్కనే కొత్తది లేచింది. ఆ విగ్రహమూ కొత్త ఇంటికి వచ్చింది.

1958 స్పెయిన్ కప్పు ఫైనల్ సంగతి చెప్పకపోతే ఎలా? మాడ్రిడ్‌లో, రియల్ మాడ్రిడ్ సొంత మైదానంలో, మేటి ఆటగాడు డి స్టెఫానో ఉన్న ఐరోపా విజేతల మీద 2-0. పదకొండు మంది పల్లెటూరివాళ్లతో వాళ్లను ఓడించామని క్లబ్బు అధ్యక్షుడు మురిసిపోయాడు. ఆ 'పల్లెటూరివాళ్లు' అన్న మాట అప్పటి నుంచి అక్కడ బిరుదు.

1976 డిసెంబరులో ఇంకొక సంగతి. ఫ్రాంకో పోయి ఏడాది దాటినా బాస్క్ జెండాపై నిషేధం పోలేదు. పొరుగు ఊరి రియల్ సొసియెదాద్‌తో పోటీ. ఇటు గోల్‌కీపర్ ఇరిబార్, అటు వాళ్ల నాయకుడు కోర్తబారియా, ఇద్దరూ చెరో కొస పట్టుకుని ఆ జెండాను మైదానంలోకి మోసుకొచ్చారు. తర్వాతే ఆట. ఎవరు గెలిచారన్నది నాకు అప్రస్తుతంగా తోస్తుంది.

గిరి గీసుకుని బతకడం నాకు స్వతహాగా నచ్చే పని కాదు. 'మనవాడు' అనే మాట ఎంత తీపో అంత చేదు కూడా. అందుకే విలియమ్స్ ఇంటి కథ తెలిశాకే ఈ క్లబ్బు మీద నా అభిమానం కుదుటపడింది. ఘనా నుంచి ఒక జంట సహారా ఎడారిని దాటి వచ్చింది, కొంత దూరం కాలినడకన. తండ్రి అరికాళ్లు కాలిపోయాయి, తల్లి కడుపుతో ఉంది. బిల్బావోలో బిడ్డ పుడితే, ఆదుకున్న మతగురువు పేరే, ఇన్యాకి అని పెట్టుకున్నారు. అచ్చమైన బాస్క్ పేరు. ఆ ఇన్యాకి 2016 నుంచి 2023 దాకా లీగ్‌లో ఒక్క ఆట కూడా తప్పకుండా వరసగా 251 ఆడాడు. పూర్వం ఈ క్లబ్బు మహాయోధుడు సార్రా లీగ్‌లో కొట్టిన గోల్స్ కూడా సరిగ్గా 251. ఈ కాకతాళీయాన్ని ఏ కథకుడూ ఇంత బాగా అల్లలేడు. ఇన్యాకి తమ్ముడు నికో కూడా అదే చారల చొక్కా తొడిగాడు.

1984లో లీగూ కప్పూ రెండూ గెలిచిన జట్టు గబార్రా అనే బల్లకట్టు పడవ మీద ఏట్లో ఊరేగింది. ఆ తర్వాత ఆరు కప్పు ఫైనల్స్, ఆరు ఓటములు. పడవ మ్యూజియంలో చేరింది. 2024 ఏప్రిల్‌లో సెవిల్యాలో మల్లోర్కాతో ఫైనల్. మనకు అప్పటికి అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర, ఉగాది ఇంకా రెండు రోజులుంది. మొదట వీళ్లే వెనకబడ్డారు. నికో అందించిన బంతితో సాన్‌సెట్ సమం చేశాడు. అదనపు సమయం, ఆపైన పెనాల్టీలు. బెరెంగెర్ నాలుగోది లోపలికి కొట్టి గెలిపించేసరికి మన దగ్గర కోళ్లు కూసే వేళ.

నాలుగు రోజులకు ఆ పడవ మళ్లీ ఏట్లోకి దిగింది. మూడున్నర లక్షల మంది ఉండే ఊరికి పది లక్షల మంది వచ్చారని అంచనా. గట్ల మీద, వంతెనల మీద, మేడల మీద ఎర్ర తెల్ల చారలే. తాతలు చెప్పగా మాత్రమే ఆ పడవ సంగతి విన్నవాళ్లు, నలభై ఏళ్ల లోపు వాళ్లందరూ, అది నీళ్ల మీద కదలడాన్ని మొదటిసారి చూశారు.