పేరు, కూలి, మరమ్మతు: ఉమ్మడి కట్టడంలో స్థానిక పనితనం – ఒక నైతిక పరిశీలన

ప్రవేశిక

ఊరి ఉమ్మడి కట్టడాన్ని స్థానిక పనివారిచేత, చుట్టుపక్కల దొరికే మట్టి, సున్నం, కర్ర, తాటాకులతో పూర్తి చేయించడం మేలన్న అభిప్రాయం నేడు విరివిగా వినిపిస్తున్నది. పర్యావరణ హితం, చేతివృత్తుల పోషణ, ప్రాంతీయ సౌందర్యం అనే మూడు ప్రయోజనాలను దీనికి సమర్థనగా చెబుతారు. ఇవి కాదనదగినవి కావు. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. ఆ మేలు సామగ్రిలోనే ఉన్నదా, లేక ఆ సామగ్రి చుట్టూ మనుషుల మధ్య ఏర్పడే సంబంధంలో ఉన్నదా? కృష్ణాతీరపు కట్టడాల అనుభవాన్ని, శ్రమను గురించిన కొన్ని రచనలను ఆధారం చేసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మట్టి చాలదు

వినయపిటకంలోని చుల్లవగ్గలో వైశాలి నగరానికి చెందిన ఒక పేద కుట్టుపనివాని కథ ఉన్నది. జనం శ్రద్ధతో విహారాలు కట్టించడం చూసి అతడు తానూ ఒకటి కట్టాలనుకుంటాడు. తానే మట్టి పిసికి, ఇటుకలు పేర్చి గోడ లేపుతాడు. పని తెలియనందువల్ల గోడ వంకరపోయి కూలుతుంది. మూడుసార్లు ఇదే జరుగుతుంది. దానాలిచ్చే వారికే భిక్షువులు సలహాలు చెబుతారని, పేదవాడైన తనకు చెప్పేవారు లేరని అతడు వాపోతాడు. ఆ మాట బుద్ధుని చెవిన పడిన తరువాతనే నిర్మాణాన్ని పర్యవేక్షించే భిక్షువును నియమించేందుకు అనుమతి లభించిందని ఆ గ్రంథం చెబుతుంది.

ఈ కథలో మట్టి ఉన్నది, శ్రద్ధ ఉన్నది, దేహశ్రమ ఉన్నది, లేనిది పనితనం. సహజమైన సామగ్రి సులువైన సామగ్రి అనుకోవడం పొరపాటు. డెల్టాలోని నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు పగులుతుంది. బంకమట్టిలో ఊక, వరిగడ్డి ఎంత కలపాలో, మట్టి ఎన్నాళ్లు నానాలో, ఒక వరుస ఎంత ఆరిన తరువాత మరొక వరుస వేయాలో తెలిసిన చేతులకే ఆ మట్టి గోడగా నిలుస్తుంది. ఇంతకంటె ముఖ్యమైనది కుట్టుపనివాని ఫిర్యాదు. పనితనం లోకంలో ఉన్నది గాని, అది సంపన్నులకే అందుతున్నదని అతని ఆరోపణ. కనుక గోడ కూలడం సాంకేతిక వైఫల్యమే అయినా, మూడుసార్లు కూలేవరకు ఎవరూ పలకకపోవడం నైతిక వైఫల్యం.

ఫలకంపై పేరు

ఇటుకతో పేర్చిన స్తూపగర్భానికి పలనాటి సున్నపురాయి ఫలకాలు తొడిగి పూర్తి చేసిన అమరావతి మహాచైత్యం ఈ ప్రాంతపు ఉమ్మడి కట్టడాలలో అగ్రగణ్యం. దగ్గరలో దొరికిన రాయి, నానా వృత్తులవారి దానాలు కలిసి అది రూపొందింది. అక్కడి ఒక శాసనంలో విధికుడనే చమ్మకారుడు, అనగా తోలుపనివాడు, తల్లి, భార్య, సోదరులు, సంతానం, బంధుమిత్రులతో కూడి పూర్ణఘట ఫలకాన్ని దానం చేసినట్లు ఉన్నది. తరువాతి కాలాలలో అంటరానిదిగా ఎంచబడిన వృత్తిపేరు పవిత్ర కట్టడంపై కుటుంబసమేతంగా చెక్కబడి ఉండడం గమనార్హం.

అయితే ఈ సాక్ష్యాన్ని జాగ్రత్తగా చదవాలి. విధికుడు దాత; పూర్ణఘటాన్ని మలచిన శిల్పి మరొకడు కావచ్చు. అమరావతి శాసనాలలో అత్యధికం దాతలవే. ఉమ్మడితనం దానం దగ్గర విశాలమై, శ్రమ దగ్గర మౌనం వహించింది. 18వ శతాబ్ది చివరినుండి ఆ ఫలకాలు కొత్త కట్టడాలకు తరలిపోయాయి. కొన్ని సున్నంకోసం బట్టీలలో కాలిపోయాయి. ఆ సున్నమూ స్థానికమే, సహజమే. సామగ్రి స్వభావం ఒక్కటే మంచిచెడ్డలను నిర్ణయించలేదనడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు.

పేరు లేని శ్రమకు తెలుగు నుడికారంలోనే ఒక రూపం ఉన్నది. ఇల్లలుకుతూ ఈగ తన పేరు మరచిపోయిందన్నది లోకోక్తి. విజయవాడ రచయిత్రి పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో దీనిని గృహిణి జీవితానికి అన్వయించారు. అందులో ఇల్లాలు ఇల్లలుకుతూ తన పేరు మరచిపోతుంది. పాత స్నేహితురాలు పిలిచిన తరువాత గాని అది తిరిగి దొరకదు. మట్టిగోడ సౌందర్యాన్ని మెచ్చుకొనే విమర్శకులు ఈ కథను దృష్టిలో ఉంచుకోవడం అవసరం. మట్టి కట్టడం ఒకనాటితో పూర్తయ్యేది కాదు. పండుగకు, వానాకాలానికి ముందు మెత్తాలి, అలకాలి. ఆ పని ఇళ్లలో ప్రధానంగా స్త్రీల మీదనే, కూలి లేకుండా, లెక్కకు రాకుండా నడిచింది. ఉమ్మడి కట్టడంలోనూ అదే ఏర్పాటు కొనసాగితే, ‘తక్కువ ఖర్చు’ అనే మాటకు అర్థం ఆ ఖర్చును మరొకరి వీపు మీదికి నెట్టడమే.

స్థానికత – రెండు వాదాలు

ఆదర్శ గ్రామంలోని ఇళ్లు అయిదు మైళ్ల పరిధిలో దొరికే సామగ్రితో నిర్మించాలని గాంధీజీ 1937లో ‘హరిజన్’ పత్రికలో సూచించారు. దూరపు మార్కెట్టుకు ఊరు దాసోహం కాకూడదన్నది అందులోని సారం. ఇందుకు భిన్నంగా డాక్టర్ అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో గ్రామాన్ని సంకుచిత స్థానికతకు నెలవుగా విమర్శించారు. కులం శ్రామికుల విభజన అని 1936 నాటి ‘కుల నిర్మూలన’లో ఆయన అంతకుముందే నిరూపించారు. స్థానిక పనివాడు తండ్రి వృత్తిలోనే ఉండి తీరాలన్న నిరీక్షణ, ఎంత ప్రేమతో చెప్పినా, ఆ విభజనకే మద్దతు.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన ఈ చర్చను మరింత పదును పెడుతుంది. సొర్లగొంది వంటి తీరగ్రామాలలో మట్టిగోడల పాకలు సముద్రపు నీటికి నిలువలేదు. వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. ఆ తీరవాసి సిమెంటు కట్టడాన్ని కోరితే దానిని అభిరుచి లోపమనడం అన్యాయం. తాటాకు అందం నగరవాసికి ఒక ఎంపిక. పాకలో ఉండేవానికి అది చాలాకాలం గత్యంతరం లేమి. తుఫాను రక్షిత భవనానికి దృఢమైన చట్రం వేసి, అరుగు, నేల, తలుపు, గోడపూత వంటి వాటిలో స్థానిక పనితనానికి చోటివ్వడం ఈ రెండు అవసరాలను కలుపగలదు. ఏది ఎక్కడ వాడాలో అక్కడ తలదాచుకొనేవారే నిర్ణయించాలి.

కొండపల్లి బొమ్మల విషయంలోనూ పరిమితి తెలుసుకోవలసి ఉన్నది. తెల్లపొణికి కర్ర, చింతగింజల పొడితో చేసే మక్కు ఆ కళకు ప్రాణం. పొణికి చెట్టు పెంపకాన్ని పట్టించుకోకుండా ప్రతి సభాభవనాన్నీ ఆ బొమ్మలతో అలంకరిస్తే, పోషణ పేరిట కళ మూలాన్నే హరించినట్లవుతుంది.

ముగింపు

ఈ పరిశీలననుబట్టి ఉమ్మడి కట్టడాన్ని నైతికంగా అంచనా వేయడానికి మూడు ప్రమాణాలు తేలుతున్నాయి. మొదటిది పేరు: శిలాఫలకంపై దాతతోపాటు తాపీమేస్త్రీ, వడ్రంగి, గోడ మెత్తిన స్త్రీ పేర్లకూ స్థానం ఉండాలి. రెండవది కూలి: సేవాభావం పేరుతో పనితనపు విలువను తగ్గించరాదు, ఆ వృత్తిని విడిచిపోయే స్వేచ్ఛ కూడా పనివానికి మిగలాలి. మూడవది మరమ్మతు: ఏటేటా పూతకు, కప్పుకు అయ్యే వ్యయం ఉమ్మడి నిధినుండి రావాలి, ఆ బాధ్యత ఒక కులానికో, స్త్రీలకో వదిలివేయరాదు.

ఈ మూడింటిలో మొదటిది సులభం, మూడవది కష్టం. ప్రారంభోత్సవానికి జనం వస్తారు, పదేళ్ల తరువాతి అలుకుడుకు రారు. అందుచేత కట్టడం పూర్తయిందని ప్రకటించే ముందు, దానిని నిలబెట్టే శ్రమ ఎవరిదో, దాని ఫలం ఎవరిదో తేల్చుకోవడం ఆ సమాజపు తొలి ధర్మం.