అలంకారం ఎవరి కోసం?

"మనం ఎవరి కోసం అలంకరించుకుంటాం?" అని అడిగితే సాధారణంగా రెండు జవాబులు వస్తాయి. పెద్దవాళ్ళు "నలుగురిలోకి వెళ్ళేటప్పుడు బాగుండాలి కదా" అంటారు. మా వయసువాళ్ళం మాత్రం "ఎవరి కోసమూ కాదు, నాకు నచ్చింది కాబట్టి" అంటాం. ఈ రెండింటిలో ఏది నిజమో మామూలు రోజుల్లో తేల్చలేం. ఎందుకంటే రోజూ అద్దమూ ఉంటుంది, నలుగురూ ఉంటారు. కానీ 2020లో కరోనా వచ్చి నలుగురినీ దూరం చేసింది. అద్దం ఒక్కటే మిగిలింది. అందుకే ఆ రెండేళ్ళూ ఈ ప్రశ్నకు ఒక పరీక్షలాంటివని నాకు అనిపిస్తుంది.

2020 మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. మా బెళ్ళందూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు సంగతి అందరికీ తెలుసు. ఆఫీసు వేళకు అక్కడ బండి కదలదు. అలాంటి రోడ్డు ఖాళీ అయిపోయింది. ఐటీ కంపెనీల వాళ్ళు ఇంటి నుంచే పని చేశారు. తర్వాత బయటికి వెళ్ళనిచ్చినా ముక్కూ నోరూ మాస్కు కిందే ఉండాలి. మాస్కు లేకపోతే బెంగళూరులో 250 రూపాయల జరిమానా. ఇక లిప్‌స్టిక్ ఎవరికి కనిపిస్తుంది? వేసుకున్నా మాస్కుకే అంటుకుంటుంది. అందుకే చాలామంది మానేశారు. కళ్ళు మాత్రం బయటే ఉంటాయి కాబట్టి కాటుక, ఐలైనర్ నిలిచాయి. మన బొట్టు కూడా మాస్కుకు పైనే ఉంటుంది కాబట్టి దానికి ఏ అడ్డూ రాలేదు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. అమెరికాలోని ఎస్తే లాడర్ కంపెనీ పెద్ద లియొనార్డ్ లాడర్ 2001లో ఒక మాట అన్నారు. కష్టకాలంలో జనం ఖరీదైన వస్తువులు మానుకున్నా, చిన్న ఆనందంగా లిప్‌స్టిక్ కొనుక్కుంటారని, అమ్మకాలు పెరుగుతాయని ఆయన ఆలోచన. కరోనా కంటే పెద్ద కష్టకాలం మా తరం చూడలేదు. కానీ ఈసారి లిప్‌స్టిక్ అమ్మకాలు పెరగలేదు, పడిపోయాయి. చర్మ సంరక్షణ వస్తువులు మాత్రం నిలదొక్కుకున్నాయి. అంటే డబ్బు లేకపోవడం ఒక్కటే కారణం కాదు, చూసేవాళ్ళు లేకపోవడం కూడా కారణమే.

అయితే "నా కోసమే" అన్నది అబద్ధమా? ఎవరూ చూడనప్పుడు మానేశాం కాబట్టి, ఇన్నాళ్ళూ పరుల కోసమే వేసుకున్నాం అని కొందరు వెక్కిరించవచ్చు. పై పటారం లోన లొటారం అనవచ్చు. నేను దీన్ని ఒప్పుకోను. పరుల కోసం చేసిన పని అంతా అబద్ధం కాదు. మన ముఖం మనకు కనిపించదు, ఎదుటివాళ్ళకే కనిపిస్తుంది. మాస్కులు వచ్చాక చెవులు వినపడనివాళ్ళు ఎంత ఇబ్బంది పడ్డారో గుర్తు చేసుకోండి. పెదవుల కదలిక చూసి మాట అర్థం చేసుకునేవాళ్ళకు మాస్కు ఒక గోడ అయింది. వాళ్ళ కోసం కొందరు నోటి దగ్గర పారదర్శకంగా ఉండే మాస్కులు కుట్టారు. దీన్నిబట్టి మన ముఖంలో ఎదుటివాళ్ళకు కూడా కొంత వాటా ఉందని తెలుస్తుంది. పండగకు తలంటుకుని, శుభ్రమైన బట్టలు కట్టుకుని చుట్టాల ఇంటికి వెళ్ళడం వాళ్ళకు ఇచ్చే మర్యాద. దాన్ని నటన అనకూడదు.

మరి తప్పు ఎక్కడుంది? ఇంట్లో ఉన్నప్పుడు జరిగినది చూస్తే కొంత తెలుస్తుంది. పార్లర్లు మూతపడ్డాయి కాబట్టి జనం వంటింటి వైపు చూశారు. సెనగపిండి, పసుపు, పెరుగు, కలబంద, అమ్మమ్మల కాలం సున్నిపిండి మళ్ళీ బయటికి వచ్చాయి. మాస్కు రాపిడికీ చెమటకూ మొటిమలు వచ్చేవి. శానిటైజర్‌లోని ఆల్కహాల్‌కు చేతులు పొడిబారేవి. కాబట్టి చర్మాన్ని చూసుకోవడం అవసరం కూడా అయింది. ఇదంతా మంచిదే, ఒంటిని చూసుకోవడం.

కానీ అదే సమయంలో ఇంకొక అద్దం వచ్చింది. వీడియో కాల్‌లో ఎదుటివాళ్ళతో పాటు మన ముఖం కూడా మనకే గంటల తరబడి కనిపిస్తుంది. అంతకుముందు మాట్లాడుతూ తన ముఖాన్ని తానే చూసుకున్నవాళ్ళు ఎవరున్నారు? కెమెరా దగ్గరగా ఉంటే ముక్కు పెద్దగా కనిపిస్తుంది, వెలుతురు తక్కువైతే ముఖం నల్లగా కనిపిస్తుంది. జూమ్‌లో ముఖాన్ని నునుపుగా చూపించే ఏర్పాటు కూడా ఉంది. ఎవరూ లేని గదిలో కూర్చుని, పరుల కళ్ళతో మనల్ని మనమే తప్పులు వెతుక్కున్నాం. అంటే నలుగురూ బయట లేకపోయినా మన తలలో ఉన్నారన్నమాట. "నా కోసమే" అనుకుని కొన్న క్రీములో కూడా ఈ భయం ఎంత ఉందో ఎవరికి వాళ్ళు చూసుకోవాలి.

ఈ భయం మన దేశంలో ముఖ్యంగా రంగు గురించే. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో మార్కెట్టులోకి వచ్చింది. 2020 మే నెలలో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు పోలీసుల చేతిలో చనిపోయాక, రంగు వివక్ష మీద ప్రపంచమంతా నిరసనలు వచ్చాయి. అప్పుడు హిందుస్తాన్ యూనిలీవర్ ఆ పేరులోని 'ఫెయిర్' తీసేసి 'గ్లో అండ్ లవ్లీ' అని మార్చింది. పేరు మారడానికి 45 ఏళ్ళు పట్టింది. కానీ మన ఇళ్ళలో మాటలు మారాయా? "పిల్ల చక్కనిదే కానీ రంగు తక్కువ" అనే మాట ఇప్పటికీ వింటున్నాం. రంగు ఏమైనా మార్కులా, తక్కువ ఎక్కువ అని లెక్కపెట్టడానికి? ఈ మాట విన్న పిల్ల క్రీము రాసుకుంటే అది మర్యాద కోసమూ కాదు, సంతోషం కోసమూ కాదు. తప్పు చేయకుండానే శిక్ష తప్పించుకోవడానికి.

ఇదే కరోనా కాలంలో ఇంకొక ముఖం కూడా చూశాం. ఎన్-95 మాస్కు, కళ్ళజోడు గంటల కొద్దీ బిగించుకుని పని చేసిన నర్సుల ఫొటోలు అవి. ఇటలీ నుంచి మన ఆసుపత్రుల దాకా అన్నిచోట్లా అవే ఫొటోలు. ముక్కు మీద, బుగ్గల మీద ఎర్రటి గాట్లు. మేకప్ లేదు, జుట్టు చెదిరి ఉంది. ఆ ముఖాల్ని ఎవరూ అందవిహీనం అనలేదు, దణ్ణం పెట్టారు. ఆ ముఖాల్లో మనం చూసినది వాళ్ళు చేసిన పనిని. అంటే అలా చూడటం మనకు చేతనవును. మామూలు రోజుల్లోనే మర్చిపోతాం.

ఇంత చెప్పానని అలంకారం అంతా దండగ అని అనుకోవద్దు. ఆ పనితో బతికేవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. లాక్‌డౌన్‌లో కర్ణాటక ప్రభుత్వం సుమారు 2,30,000 మంది క్షౌరవృత్తివారికి తలా 5,000 రూపాయల సాయం ప్రకటించింది. ఒక్క రాష్ట్రంలోనే అంతమంది చేతుల్లో పని ఆగిపోయింది. మళ్ళీ షాపులు తెరిచాక చక్కగా క్షవరం చేయించుకుని బయటికి వచ్చినవాళ్ళ ముఖంలో వెలుగు నిజమైనదే. ఎదుటి మనిషి ముఖాన్ని శ్రద్ధగా తాకి బాగుచేయడం గౌరవమైన పని.

కాబట్టి "ఎవరి కోసం?" అన్న ప్రశ్న సరిపోదని నా అభిప్రాయం. "ఇది లేకుండా నేను తలెత్తుకుని బయటికి వెళ్ళగలనా?" అని అడగాలి. వెళ్ళగలను అంటే పౌడరు, కాటుక, లిప్‌స్టిక్ ఏదైనా వేసుకోవచ్చు, అది సరదా. వెళ్ళలేను అంటే మాత్రం ఆ భయం ఎవరి మాట వల్ల వచ్చిందో ఆలోచించాలి.

ఈ పత్రిక చదివే అమ్మానాన్నలకు, టీచర్లకు ఒక మనవి. ఎండలో ఆడుకుని వచ్చిన పిల్లను చూసి "నల్లబడిపోయావు" అనకండి. "ఎవరు గెలిచారు?" అని అడగండి.