ఆరు వాకిళ్ల ఊరికి కావలి



కోలియుల ఊరు కక్కరపత్తంలో దీఘజాణు అనే గృహస్థు బుద్ధ భగవానుని దగ్గరకు వచ్చి, పెళ్లాం పిల్లలతో సంసారం చేసుకునే మాలాంటి వాళ్లకు పనికొచ్చే ధమ్మం చెప్పమని అడిగాడు. భగవానుడు అతణ్ణి అడవికి పొమ్మనలేదు. ఈ లోకంలో మేలు చేసే నాలుగు సంగతులు చెప్పాడు. వాటిలో రెండోది ఆరక్ఖ సంపద. అంటే న్యాయంగా, చెమటోడ్చి సంపాదించినది దొంగల పాలు, నిప్పు పాలు, నీటి పాలు కాకుండా కాపాడుకోవడం. డబ్బు జాగ్రత్తకూ ధమ్మానికీ సంబంధమేమిటి అనేవాళ్లు అంగుత్తర నికాయంలోని ఈ సుత్తం ఒకసారి చూడాలి.

ఆనాటి దొంగ గోడకు కన్నం వేసేవాడు. ఈనాటి దొంగ మనసుకు వేస్తున్నాడు. ఫోన్ మోగుతుంది. మీ పేరు మీద వచ్చిన పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయంటాడు. మీ ఆధార్ మీద కేసుందంటాడు. వీడియో కాల్ కట్ చేస్తే అరెస్టే, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దంటాడు. ఒంటి మీద ఖాకీ చొక్కా, వెనకాల గోడకు పోలీసు గుర్తు. దీనికి డిజిటల్ అరెస్ట్ అని పేరు పెట్టారు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి రేడియోలో స్వయంగా ఈ మాట చెప్పారు. అయినా బాగా చదువుకున్నవాళ్లు, రిటైరైన ఆఫీసర్లు కూడా దాచుకున్నదంతా పంపేస్తున్నారు. తెలివి లేక కాదు, భయం వేసి.

మనిషిని పెడదారి పట్టించేవి నాలుగని సిగాలోవాద సుత్తం చెబుతుంది: ఆశ, ద్వేషం, మోహం, భయం. మోసగాడు సుత్తాలు చదవడు గానీ ఈ దారులు వాడికి బాగా తెలుసు. షేర్ల గ్రూపులో మీ పదివేలు రెండు రోజుల్లో పదిహేను వేలైనట్టు చూపిస్తాడు, అది ఆశ. మీకు డబ్బు పంపుతున్నా, పిన్ కొట్టండి అంటాడు, అది మోహం. యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు పంపడానికే. మనకు రావడానికి ఏ పిన్నూ అక్కర్లేదు.

సంయుత్త నికాయంలో ఆరు వాకిళ్ల ఊరి పోలిక ఒకటుంది. ఊరు ఈ శరీరం. వాకిళ్లు కన్ను, చెవి మొదలైన ఇంద్రియాలు. కావలివాడు సతి, అంటే ఎరుక. తెలిసినవాణ్ణి రానిస్తాడు, తెలియనివాణ్ణి ఆపుతాడు. అలాంటి ఫోన్ వస్తే గుండె దడదడలాడుతుంది కదా, ముందు ఆ దడనే గమనించండి. రెండు మూడు శ్వాసలు చాలు. తర్వాత ఫోన్ పెట్టేయండి, ఏమీ కాదు. నిజంగా కేసు ఉంటే నోటీసు వస్తుంది. వాడు చెప్పొద్దన్నాడు కాబట్టే ఇంట్లోవాళ్లకు చెప్పండి.

బయటి తలుపుకూ గడియ ఉండాలి. కాపీ చేసిన వేలిముద్రలతో, ఓటీపీ కూడా లేకుండా ఖాతాలోంచి డబ్బు తీసిన కేసులున్నాయి. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకోండి. పిల్లలనడిగితే ఐదు నిమిషాల్లో చేసిపెడతారు.

డబ్బు పోయిందా, ఆ క్షణమే 1930కి ఫోన్ చేయండి. దొంగలు సొమ్మును ఖాతా నుంచి ఖాతాకు దాటిస్తుంటారు, తొందరగా చెబితే దారిలో ఆపే వీలుంది. ఇంట్లో ఎవరైనా మోసపోతే దయచేసి తిట్టకండి. తిడతారనే కదా ముసలివాళ్లు నాలుగు రోజులు దాచిపెట్టేది! ఆలోపు డబ్బు చేజారిపోతుంది.

కుర్రవాళ్లకు ఒక మాట. కమీషన్ ఇస్తాం, నీ బ్యాంకు ఖాతా కొన్నాళ్లు వాడుకుంటాం అని ఎవరైనా అడిగితే, దాటిస్తున్నది ఎవరో ముసలమ్మ పెన్షన్ డబ్బు కావచ్చు. ఇవ్వనిది తీసుకోనని రెండో శీలం పట్టినవాడు అలాంటి డబ్బుకు దారి ఇవ్వకూడదు. పోలీసులు కూడా ముందు వచ్చేది ఖాతాదారు ఇంటికే.

ఇక మిగిలింది ద్వేషం. 2024లో విశాఖపట్నం పోలీసులు ఒక ముఠాను బయటపెట్టారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని మన కుర్రాళ్లను కంబోడియా తీసుకెళ్లి, నిర్బంధించి, ఇలాంటి మోసాలే చేయించారు. కంబోడియా బౌద్ధ దేశం, ఏం చెబుతాం! ఫోన్లో బెదిరించే గొంతు అలా చిక్కుకున్న పిల్లాడిదీ కావచ్చు. మీ ఊళ్లో ఎవరైనా అలాంటి ఉద్యోగానికి బయల్దేరుతుంటే, ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైట్‌లో చూశాకే పాస్‌పోర్టు చేతికివ్వమనండి.