నాలుగువందల గోవులు

ఛాందోగ్యోపనిషత్తు నాలుగవ అధ్యాయమున సత్యకామ జాబాలుని కథ గలదు. గురుకులవాసము చేయగోరిన ఆ బాలుడు తన గోత్రమేమని తల్లి జబాలను అడిగెను. యౌవనమున పలువురకు పరిచర్య చేయుచు నిన్ను పొందితిని, గోత్రము నే నెరుగనని ఆమె చెప్పెను. అతడు హారిద్రుమత గౌతముని సన్నిధికి పోయి ఆ మాటనే విన్నవించెను. సత్యము నుండి తొలగనివాడవని మెచ్చి గౌతముడు ఉపనయనము చేసెను.

మన ప్రవచనములలో కథ తరచుగా ఇక్కడనే ఆగును. తరువాతి వాక్యము నాకు అంతకంటె ముఖ్యముగా తోచును. గురువు తన మందనుండి చిక్కి బలము తప్పిన నాలుగువందల గోవులను వేరుచేసి, నాయనా, వీని వెంట పొమ్మనెను. ఇవి వేయి కానిదే మరలి రానని శిష్యుడు వెళ్ళి, పెక్కేండ్లు వెలుపలనే ఉండెను. ఇంటిపేరు చెప్పుకొనలేని యువకునకు గౌతముడు జాలితో సరిపుచ్చలేదు. చేతికి పని ఇచ్చెను, దానికి మూలధనము ఇచ్చెను, తొందరపెట్టక గడువిచ్చెను. తిరిగి రాదగిన ఇల్లొకటి అతనికై నిలిచియుండెను.

తల్లిదండ్రులు లేక బాలసదనములలో, పోషక కుటుంబములలో పెరుగు పిల్లలు 18 ఏండ్లు నిండిన దినముననే చట్టము దృష్టిలో బాలలు కాకపోవుదురు. సదనము విడుచువారికి ధనసహాయము చేయవచ్చునని 2015 నాటి బాలన్యాయ చట్టము 46వ సెక్షను చెప్పుచున్నది. (చేయవచ్చునను మాటకు, చేసితీరవలెనను మాటకు గల దూరము ఆకలిగొన్నవానికే తెలియును.) 2016 నాటి నియమములు ఆ చేయూతను 21 ఏండ్ల వరకు, అసాధారణ స్థితులలో మరి రెండేండ్లు సాగనిచ్చినవి. 2022లో మిషన్ వాత్సల్య మార్గదర్శకములు నెలకు 4000 రూపాయలుగా నిర్ణయించినవి.

అంతకు రెండేండ్ల ముందు, 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ వచ్చెను. అందరు ఇంటనే ఉండవలెనని ఆజ్ఞ. ఇల్లు లేనివాడు ఎక్కడ ఉండవలెను? హోటళ్ళు, బట్టల దుకాణములు మూతపడెను. హాస్టళ్ళు ఖాళీ అయ్యెను. వలస కూలీలు కాలినడకనైనను సొంత ఊరికి పోయిరి. సదనము విడిచినవానికి పోవుటకు ఊరు లేదు. మన నిజామాబాదు యువకులు ఆశపెట్టుకొను గల్ఫు దారియు విమానములు నిలిచి మూసికొనిపోయెను. బోధను శక్కర్‌నగరు చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులోనే ఆగిపోయియుండుటచే, గానుగ కాలపు కూలి ఆశయు ఆ దిక్కున లేకుండెను.

అమెరికా దేశమున 2020 డిసెంబరులో ఒక చట్టము చేసి, వయస్సు నిండినదను కారణముచే 2021 సెప్టెంబరు 30 వరకు ఎవ్వరినీ పోషణనుండి వెలుపలికి పంపరాదని నిలిపిరి. మన దేశమున కోవిడ్ వలన తల్లిదండ్రులను పోగొట్టుకొన్న పిల్లలకై 2021 మే 29న పి.ఎం. కేర్స్ పథకమును ప్రకటించిరి. 18 ఏండ్లనుండి నెలనెలా భృతి, 23 ఏండ్లకు పది లక్షలు. ఎంతో మంచి పని. కాని మహమ్మారికి ఏండ్ల ముందే ఇరువురను కోల్పోయి సదనమున పెరిగినవాడు ఆ లెక్కలోనికి రాడు. అతని దుఃఖము పాతది.

అట్టివానిని ధర్మము పలుకరింపనిచో ఏమగునో భారతమున చూచితిమి. కుమారాస్త్ర విద్యాప్రదర్శనమున కృపుడు కులమడుగగా కర్ణుడు తల వంచుకొనెను. సభలో పెద్దలెందరో ఉండిరి. చేయి చాచినవాడు సుయోధనుడొక్కడే. కర్ణుడు ఆ చేతిని ప్రాణాంతము వరకు విడువలేదు. ఇందు కర్ణుని నిందించుటకు నాకు మనసొప్పదు.

మన బోధనునే ఏకచక్రపురమని పెద్దలు చెప్పుదురు. లక్కయిల్లు కాలి, నిలువ నీడలేని తల్లికి, అయిదుగురు కుమారులకు ఆ ఊర ఒక బ్రాహ్మణ గృహస్థు తన ఇంట చోటిచ్చెను. వారెవరో ఆయనకు తెలియదు. నేడు గది అద్దెకడిగిన పిల్లవానిని తండ్రి పేరేమి, సొంతూరేది, హామీ ఎవరని మూడు ప్రశ్నలతో గడపనుండియే పంపివేయుచున్నాము. ఆ హామీపై సంతకము దేవాలయ ధర్మకర్తలలో ఒకరు చేయవచ్చును. రైసుమిల్లు యజమాని మొదటి నెల జీతము ముందే ఇచ్చి పనిలో పెట్టుకొనవచ్చును. పండుగనాడు మన ఇంట ఒక విస్తరి అదనముగా వేయవచ్చును, ఒక్క సంవత్సరము కాదు, అతడు స్థిరపడువరకు.

సత్యకాముని మాట ముగింపలేదు. ఆయన కాలక్రమమున ఆచార్యుడై ఉపకోసలుని శిష్యునిగా చేర్చుకొనెను. ఆ శిష్యుడు పన్నెండేండ్లు అగ్నులను సేవించెను. ఒకనాడు మనోవ్యథచే అన్నము మానివేసెను. సత్యకాముడు అప్పుడు ఊరలేడు. ఆయన భార్య వచ్చి, బ్రహ్మచారీ, భుజింపుము, ఏల భుజింపవని అడిగెను.