దూరానికి వెల ఎవరు కట్టాలి?

"యూరపులో బాంకులు డబ్బు పంపటానికి ఎంత రుసుము తీసుకుంటే మనకెందుకు? అది బూర్జువాలు తమలో తాము చేసుకునే సర్దుబాటు" అని మొన్న ఒక గోష్ఠిలో ఒక మిత్రుడు అన్నాడు. ఆయన కళాశాలలో చరిత్ర చెబుతాడు, నాకంటే ఎక్కువ చదివినవాడు. ఆ పూట నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆయన వాదం అంత బలమైనదని కాదు. ఈ విషయంలో నేను స్వయంగా చేసిన పని ఒకటి గుర్తుకు వచ్చి నా గొంతుకు అడ్డుపడింది. ఆ సంగతి చివర చెబుతాను. ముందు వాదం సంగతి చూద్దాం.

2002 జనవరి 1న 12 దేశాల్లో యూరో నోట్లు చలామణీలోకి వచ్చాయి. ఆ నోటు జేబులో పెట్టుకుని లిస్బన్ నుంచి హెల్సింకీ దాకా వెళ్ళినా దారిలో దానికి తరుగు తీసేవాడు లేడు. కాని అదే డబ్బును బాంకు ద్వారా పంపవలసి వస్తే మాట వేరు. నోట్లు రాబోయే ముందు యూరోపియన్ కమిషన్ జరిపించిన పరిశీలనలో, 100 యూరోలను ఒక దేశం నుంచి మరొక దేశానికి పంపటానికి సగటున సుమారు 17 యూరోలు ఖర్చవుతున్నదని తేలింది. స్ట్రాస్‌బర్గులో పనిచేసే మనిషి ఫ్రాన్సు అవతలి కొసన వున్న బ్రెస్టుకు పంపితే నామమాత్రపు రుసుము. రైను నది మీద వంతెన దాటి, కంటికి కనిపించే కేల్ పట్టణానికి పంపితే ఆరోవంతు హరించుకుపోవటం! దూరానికీ రుసుముకూ సంబంధమే లేదన్నమాట.

బాంకులు దీనికి చెప్పిన జవాబు అబద్ధం కాదు. ఒక్కొక్క దేశానికి ఒక్కొక్క చెల్లింపు యంత్రాంగం వున్నది, ఒక దేశపు పద్దు మరొక దేశపు యంత్రానికి అర్థం కాదు, నడుమ మధ్యవర్తి బాంకులు కావాలి, గుమస్తాలు చేత్తో సరిచూడాలి అన్నారు. ఇదంతా నిజమే. అయినా 2001 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ ఒక శాసనం చేసింది. 2003 జూలై 1 నుంచి, 12,500 యూరోల వరకు, సరిహద్దు దాటే యూరో బదిలీకి స్వదేశంలో బదిలీకి తీసుకునే రుసుమే తీసుకోవాలి, అంతకంటే ఎక్కువ కూడదు అన్నది. ఎంత తీసుకోవాలో శాసనం చెప్పలేదు. ఇంట ఎంతో బయటా అంతే అన్నది, అంతే.

తర్వాత జరిగినది మన విద్యార్థులు శ్రద్ధగా గమనించవలసిన విషయం. ఖర్చు తగ్గించే యంత్రం వచ్చింది గనక ధర తగ్గలేదు. ధర తగ్గించక తప్పని పరిస్థితి వచ్చింది గనక యంత్రం వచ్చింది. 2002లో బాంకులన్నీ కలిసి యూరోపియన్ పేమెంట్స్ కౌన్సిల్ అని ఒక మండలి పెట్టుకున్నాయి. 2003లో ఖండమంతటికీ పనికివచ్చే పద్దుల పరిష్కార వ్యవస్థ నడవటం మొదలయింది. 2008 జనవరి 28న "సెపా" అనే ఉమ్మడి బదిలీ పద్ధతి అమలులోకి వచ్చింది. తరతరాలుగా "ప్రకృతి సహజమైన ఖర్చు" అని చెప్పుకుంటూ వచ్చినది కొద్ది సంవత్సరాలలో మాయమయింది. దోపిడీ ఎప్పుడూ తనను తాను ప్రకృతి అనే చెప్పుకుంటుంది. వాన రాకపోవటమూ వడ్డీ పెరగటమూ ఒకే జాతి సంఘటనలని మన పల్లెల్లో షావుకార్లు నమ్మించలేదా?

ఈ వాదం నిజానికి పాతది. రోలండ్ హిల్ అనే ఇంగ్లీషువాడు 1837లో తపాలా మీద ఒక కరపత్రం రాశాడు. ఉత్తరాన్ని మోసుకుపోయే ఖర్చు బహు స్వల్పం, అసలు ఖర్చంతా రెండు కొసల దగ్గర లెక్కలు కట్టటంలోనూ వసూలు చెయ్యటంలోనూ వున్నది అని చూపించాడు. 1840లో ఎంత దూరమైనా ఒక్క పెన్నీ అన్నారు. 1854లో మన దేశంలోనూ దూరంతో పనిలేని అర్ధణా తపాలా వచ్చింది. మా బాపు షోలాపూరు మిల్లులో పనిచేసే రోజుల్లో కరీంనగరం జిల్లాలోని మా ఊరికి మనియార్డరు పంపేవాడు. పోస్టుమాన్ చెట్టుకింద కూర్చుని అమ్మ చేత వేలిముద్ర వేయించుకునేవాడు. ఫారం అడుగున వుండే చిన్న జాగాలో బాపు రాయించిన రెండు ముక్కలు చదివి వినిపించేవాడు. రుసుము మొత్తాన్ని బట్టి వుండేది గాని మైళ్ళను బట్టి కాదు. షోలాపూరు నుంచి పంపినా, పక్క తాలూకా నుంచి పంపినా ఒకటే. నైజాము సంస్థానమూ బొంబాయి రాష్ట్రమూ అన్న పాత సరిహద్దు ఆ కాగితానికి తెలియదు. దూరంగా వుండటం ఆ మనిషి తప్పు కాదు గనక దూరానికి అతనిచేత వెల కట్టించకూడదని ఒక సమాజం నిర్ణయించుకోవటం సామాన్యమైన నిర్ణయం కాదు. దానిని బూర్జువా సౌకర్యమని కొట్టిపారేసేవారు, ఎడబాటు భారం ఎవరిమీద పడుతుందో ఆలోచించలేదనక తప్పదు. పెట్టుబడిదారు తన కుటుంబంతో సహా కదులుతాడు, కూలి ఒంటరిగా కదులుతాడు.

మార్క్సు పెట్టుబడి రెండవ సంపుటంలో చలామణీ ఖర్చుల గురించి చెప్పినది ఇక్కడ పనికివస్తుంది. సరుకును ఒకచోటి నుంచి ఒకచోటికి చేర్చే రవాణా శ్రమ విలువను కలుపుతుంది గాని, పద్దులు రాయటమూ డబ్బు లెక్కించటమూ కొత్త విలువను సృష్టించవు. అవి ఉన్న విలువలోనుంచి తరుగు. మరి కూలి తన తల్లికి పంపే 100 యూరోల మీద తీసే రుసుము ఎక్కడి తరుగు? జీతంలోనుంచే. అంటే అది రెండవసారి జరిగే జీతపు కోత. (మార్క్సు కుటుంబమే ఇలా వచ్చే డబ్బు మీద బతికింది. ఎంగెల్సు మాంచెస్టరు నుంచి లండనుకు నోట్లను రెండు ముక్కలుగా కత్తిరించి, ఒక్కొక్క ముక్క ఒక్కొక్క కవరులో పంపేవాడు. దారిలో దొంగకు పనికిరాకుండా చెయ్యటానికి ఆయన కట్టిన ఖర్చు, అదనంగా ఒక తపాలా బిళ్ళ.)

మిత్రుడు ఇంకొక ఆక్షేపణ చేశాడు. అది గట్టిది. ఈ సమాన రుసుము కూలివాడి కోసం రాలేదు, ఏక విపణి కోసం వచ్చింది అన్నాడు. నిజమే. యూనియన్ ఒడంబడికలో 63వ అధికరణం పెట్టుబడి కదలికపై ఆంక్షలు కూడదంటుంది; ఆ పక్క వాక్యమే చెల్లింపులపై ఆంక్షలు కూడదంటుంది. తోటకూలి పంపే 300 యూరోలూ, పెట్టుబడి సంస్థ తరలించే 30 కోట్ల యూరోలూ ఒకే తలుపులోంచి పోతాయి. అప్పుడు మొదటిదాన్ని సమర్థిస్తే రెండవదాన్ని సమర్థించినట్టు కాదా?

దీనికి నేను గ్రీసును చూడమంటాను. 2014 చివరి నుంచి 2015 జూన్ నాటికి గ్రీకు బాంకులలోనుంచి సుమారు 40 బిలియన్ల యూరోల డిపాజిట్లు తరిగిపోయాయి. కదలగలిగినవాళ్ళు ముందే కదిలించారు. జూన్ చివర తలుపులు మూశారు. రోజుకు 60 యూరోలు మాత్రమే తీసుకోవాలి. విదేశానికి పంపాలంటే ఒక కమిటీ అనుమతి కావాలి. పింఛనుదారులు బాంకుల గుమ్మాల దగ్గర తెల్లవారుజాము నుంచి నిలబడ్డారు. పూర్తిగా ఆంక్షలు పోవటానికి 2019 సెప్టెంబరు 1 దాకా పట్టింది. అంతకు ముందు 2013లో సైప్రసులోనూ ఇదే తంతు జరిగింది, అక్కడ రోజుకు 300 యూరోలు. పెట్టుబడి మీద ఆంక్షలు వుండాలన్నది మన పాత కోరికే. కాని ఆ కోరిక నెరవేరిన తీరు చూశారా! పెద్ద చేపలు పోయిన తర్వాత వల వేశారు. కనుక తలుపు తెరిచి వుండటం మంచిదా, మూసి వుండటం మంచిదా అని అడిగితే నాకు జవాబు లేదు. ఎవరు లోపల వుండగా మూస్తారు అన్న ప్రశ్నకు మాత్రం వున్నది. 300 యూరోలకూ 30 కోట్లకూ ఒకే న్యాయం వర్తింపజెయ్యటం న్యాయం కాదని చెప్పటానికి సిగ్గుపడనక్కరలేదు.

ఇక మనుషుల దగ్గరికి వద్దాం. 2025 వసంతంలో నేను దక్షిణ జర్మనీలో ఒక చిన్న పట్టణంలో మా అమ్మాయి ఇంట్లో కొన్ని నెలలు వున్నాను. అప్పటికి అక్కడ అంతటా పది సెకన్ల మాట. 2024 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన శాసనం ప్రకారం యూరో దేశాల బాంకులు 2025 జనవరి 9 నుంచి పది సెకన్లలో చేరే చెల్లింపులను స్వీకరించాలి, అక్టోబరు 9 నుంచి పంపాలి, మామూలు బదిలీకంటే ఎక్కువ రుసుము తీసుకోకూడదు. ఇది గొప్ప విషయమే. మా అమ్మాయికి తెలిసిన మన కుర్రవాడొకడు దాన్ని చూసి నవ్వాడు. అతను అక్కడికి రాకముందే అతని డబ్బు వచ్చింది. జర్మనీలో చదవబోయే మన పిల్లలు ఒక సంవత్సరపు తిండి ఖర్చును బంధిత ఖాతాలో ముందుగా పెట్టి చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి ఆ మొత్తాన్ని 11,904 యూరోలకు పెంచారు. తండ్రి పొలం కుదువపెట్టి తెచ్చిన డబ్బు అక్కడ జామీనుగా నిలబడితేగాని కొడుకును రానివ్వరు. వచ్చాక లిథువేనియా ఖాతా ఒకటి తెరిచాడు. ఖాతా నెంబరు మొదటి రెండక్షరాలే అది ఏ దేశానిదో చెబుతాయి. సెపా శాసనం ప్రకారం ఏ సభ్యదేశపు ఖాతా అయినా ఒకటే, వివక్ష చూపరాదు. అయినా అతనికి పని ఇచ్చిన యజమాని ఆ రెండక్షరాలు చూసి జీతం వెయ్యనన్నాడు. ఇంటిపేరు విని కులం పసిగట్టే విద్య మనకే సొంతమనుకున్నాను.

కాని ఈ కుర్రవాడికి శాసనం అండ వున్నది, పోట్లాడితే గెలుస్తాడు. అండ లేనివాళ్ళ మాటేమిటి? 2014లో చేసిన ఒక నిర్దేశం ప్రకారం, యూనియన్‌లో చట్టబద్ధంగా నివసించే ఎవరికైనా, ఇల్లులేనివారికీ శరణార్థులకూ సైతం, ఒక సాధారణ బాంకు ఖాతా పొందే హక్కు వున్నది. ఆ హక్కును నేను తక్కువ చెయ్యను. కాని పది సెకన్ల శాసనం అమలులోకి వచ్చిన ఆ 2024 ఏప్రిల్‌లోనే, జర్మన్ పార్లమెంటు శరణు కోరి వచ్చినవారికి ఇచ్చే సహాయాన్ని నగదుకు బదులు ఒక కార్డు మీద ఇవ్వవచ్చునని చట్టం ఆమోదించింది. దానినుంచి నెలకు 50 యూరోలకు మించి నగదు తీసుకోరాదని చాలా రాష్ట్రాలు నిర్ణయించాయి. విదేశాలకు డబ్బు పోకుండా చెయ్యటమే దాని ఉద్దేశాలలో ఒకటని బాహాటంగానే చెప్పారు. ఒకే నెలలో ఒక చేత్తో సరిహద్దు చెరిపారు, ఒక చేత్తో గీశారు.

"ఆ డబ్బు తిండికి ఇచ్చినది, పంపటానికి కాదు" అని దీన్ని సమర్థించేవారు అంటారు. ఇక్కడే అసలు నైతిక సమస్య వున్నది. రొట్టె నాదే గాని అందులో సగం విరిచి మా అమ్మకు పెట్టే హక్కు నాకు లేదంటే, ఆ రొట్టె నాది అవుతుందా? మా బాపు ఒక పూట కడుపు కట్టుకుని మనియార్డరు పంపేవాడు. ఆయన తినవలసిన అన్నమే ఆ ఫారం మీద అంకె అయింది. జీతాన్ని సరుకుల రూపంలోనో, యజమాని దుకాణంలోనే చెల్లే టోకెన్ల రూపంలోనో ఇవ్వరాదని ఇంగ్లండులో 1831లోనే చట్టం చెయ్యవలసి వచ్చింది. ఎందుకు? చేతికి వచ్చినదాన్ని తన ఇష్టం వచ్చినచోట పెట్టలేనివాడు స్వతంత్రుడు కాడని కార్మికులు పోరాడి చెప్పారు గనక. సహాయం జీతం కాదంటారా? శరణు కోరినవాణ్ణి మొదటి నెలల్లో పనిచెయ్యనివ్వకుండా ఆపిన చట్టమూ ఆ ప్రభుత్వానిదే కదా. కొన్ని జర్మన్ నగరాలలో పౌరులు పూనుకుని, ఆ కార్డుతో కొన్న దుకాణపు వోచర్లను తాము తీసుకుని వాళ్ళకు నగదు ఇస్తున్నారు. ఆ పౌరులకు ఈ వ్యాసం అవసరం లేదు.

నాకు అవసరం. ఆ పట్టణంలో రైలు స్టేషను ఎదుట ఒక దుకాణం వుండేది. ఫోను కార్డులు, బాస్మతి బియ్యం, కొబ్బరినూనె. ఒక మూల డబ్బు పంపే కిటికీ. ఆస్పరాగస్ కోసే రోజులవి. పొలాల్లో పనిచేసే రుమేనియావాళ్ళు శనివారాలు అక్కడ బారులు తీరేవారు. నేను సిమ్ కార్డు కోసం పాస్‌పోర్టు చేత పట్టుకుని నిలబడ్డాను. నా వెనక వున్న గాంబియా యువకుడు ఇంగ్లీషులో పలకరించాడు. అతని దగ్గరున్న కాగితాన్ని కిటికీలోని మనిషి ఒప్పుకోలేదట. 150 యూరోలు చూపించి, "అంకుల్, మీ పేరుమీద మా అమ్మకు పంపుతారా?" అని అడిగాడు.

నేను పాస్‌పోర్టు జేబులో పెట్టుకున్నాను. "చట్టం ఒప్పుకోదు" అన్నాను.

"ఆ చట్టం నాకూ తెలుసు అంకుల్" అన్నాడు.

చట్టం ఒప్పుకోదన్నది నిజమే. దొంగ సొమ్మును ఆపటానికి పెట్టిన నియమాలకు కారణం లేదనను. కాని ఆ క్షణంలో నేను ఆలోచించినది దొంగ సొమ్ము గురించి కాదు, నా వీసా గురించి. ఇన్నేళ్ళు తరగతిలో సరిహద్దుల మీద నేను చెప్పిన పాఠాలలో ఒక్కటీ అప్పుడు గుర్తుకు రాలేదు.

కిటికీ పక్కన దేశాలవారీగా రుసుముల పట్టిక వేలాడుతున్నది. రుమేనియా ఎదుట చిన్న అంకె, గాంబియా ఎదుట పెద్ద అంకె. ప్రపంచంలో 200 డాలర్లు పంపటానికి సగటున 6 శాతానికి పైగా పోతుందనీ, ఆఫ్రికాకు అంతకంటే ఎక్కువనీ, దాన్ని 2030 నాటికి 3 శాతం లోపుకు తేవాలని ఐక్యరాజ్యసమితి లక్ష్యం పెట్టుకున్నదనీ నాకు తెలుసు, పాఠం చెప్పినవాణ్ణే. అతను ఇంకా నా వెనకే వున్నాడు గనక తల తిప్పకుండా ఆ పట్టికను పై నుంచి కిందికి చదివాను. తర్వాత సిమ్ కార్డు తీసుకుని, అవతలి గుమ్మంలోంచి బయటికి వచ్చేశాను.